తాలు కల్లంలోనే ఏరాలి!

గుంటూరు పల్లెల్లో మిర్చి కల్లం చూశారా? ఎర్రగా పరచిన కాయల మధ్య కూర్చుని ఆడవాళ్లు తెల్లబారిన తాలుకాయల్ని ఏరి పక్కన పోస్తుంటారు. ఆ పని కల్లంలోనే అయిపోవాలి. టిక్కీలు కుట్టేసి యార్డుకు తోలాక తాలు బయటపడితే... నష్టం రైతుదే!

కంప్యూటరు ప్రోగ్రాముకీ అదే సూత్రం. రాస్తున్నప్పుడే తప్పు తెలిస్తే దిద్దుకోవడం నిమిషం పని. జనం చేతికి వెళ్లాక తెలిస్తే? ఆపిల్ ఫోన్ల విషయంలో అదే జరిగింది. ఒకే వాక్యం పొరపాటున రెండుసార్లు పడింది. దాంతో ఇంటర్నెట్ భద్రతకు సంబంధించిన ఓ కీలక తనిఖీ అసలు జరగనే లేదు. ఏడాదికి పైగా దాగిన ఆ తప్పును 2014 ఫిబ్రవరిలో దిద్దారు. ఇలాంటి వాక్యాల్ని పట్టే పరికరాలు అప్పటికే ఉన్నాయి!

పేరు మనకు తెలిసిందే

జిన్నింగు మిల్లులో గింజ తీసిన దూదిని 'లింట్' అంటారని మన పత్తి వ్యాపారులకు తెలుసు. బట్టలకు అంటుకునే నూగుకీ ఇంగ్లిషులో అదే పేరు. 1970ల చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్, ప్రోగ్రాముల్లోని దోషాలు ఏరే ఓ పరికరం తయారుచేసి దానికీ 'లింట్' అనే పేరు పెట్టాడు. అది ప్రోగ్రామును నడపదు, చదువుతుంది. ఉదాహరణకు సి భాషలో 'ఇవి సమానమా?' అని అడగడానికి సమాన గుర్తు రెండుసార్లు వేయాలి. ఒక్కసారే వేస్తే 'సమానం చేసెయ్' అని అర్థం! ప్రోగ్రాము నడుస్తుంది, జవాబే తప్పుతుంది.

ఇప్పుడు ఆ తనిఖీ ప్రోగ్రాము రాసే తెరలోకే వచ్చేసింది. విజువల్ స్టూడియో కోడ్ లాంటి వాటిలో తప్పు కింద అప్పటికప్పుడే వంకర గీత పడుతుంది.

చెప్పే వేళ ముఖ్యం

ఎప్పుడు చెప్పామన్నదే అసలు కీలకం. ఫేస్‌బుక్ తన 'ఇన్ఫర్' పరికరాన్ని మొదట రాత్రిళ్లు నడిపి, దొరికిన తప్పుల జాబితాను ఇంజినీర్లకు అప్పగించింది. దాదాపు ఎవరూ దిద్దలేదు. అవే హెచ్చరికల్ని, మార్పులు తోటివారి పరిశీలనకు వెళ్లే సమయంలోనే చూపిస్తే 70 శాతానికి పైగా దిద్దారు! పరికరం అదే... మారింది వేళ ఒక్కటే.

అలాగని ప్రతిదానికీ హెచ్చరిస్తే 'నాన్నా పులి' కథే అవుతుంది. అందుకే గూగుల్ తన 'ట్రైకార్డర్' వ్యవస్థలో, పనికిరానివని ఇంజినీర్లు తోసిపుచ్చే హెచ్చరికలు 10 శాతం దాటకూడదని నియమం పెట్టుకుంది.

ల్యాబ్ పరీక్షలో అవుట్‌పుట్ వస్తే మార్కులు పడిపోతాయి. ఉద్యోగంలో అలా కుదరదు. మనం రాసింది రేపు మరొకరు చదవాలి, మార్చాలి. ఆ అలవాటు మొదటి ఏడాదే పడితే మన ఇంజినీరింగు విద్యార్థులకు ఎంతో మేలు.

అయితే క్వింటాలు ధరతో టిక్కీల సంఖ్యను హెచ్చవేసి రైతుకు బిల్లిస్తే ఏ వంకర గీతా పడకపోవచ్చు. తాలు ఏరడానికి యంత్రం సాయం చేస్తుంది. తూకం సరిచూడాల్సింది మాత్రం మనిషే!