బూస్టర్ పెట్టినా బొమ్మ ఎందుకు బాగుపడేది కాదు?

పిల్లలూ! మీ తాతయ్యనో, నాయనమ్మనో అడిగి చూడండి. 1980లలో టీవీ ఉన్న ప్రతి ఇంటి కప్పు మీదా చేపముల్లు ఆకారంలో ఒక యాంటెన్నా ఉండేది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. ప్రసార కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో బొమ్మ మీద ఇసుక చల్లినట్లు చుక్కలు కనబడేవి. అప్పుడు బజారుకు వెళ్ళి బూస్టర్ కొని తెచ్చేవారు. కొందరి ఇళ్ళలో బొమ్మ బాగుపడేది. మరికొందరికి డబ్బు దండుగయ్యేది. కారణమేమిటో తెలుసుకుందామా?

బలహీనంగా ఉన్న సంకేతాన్ని పెద్దది చేసే సాధనమే బూస్టర్. దీన్నే పాఠ్యపుస్తకాల్లో వర్ధకం అంటారు. అయితే దానికి మంచీ చెడూ తెలియవు. ప్రతి విద్యుత్ పరికరంలోనూ వేడి వల్ల ఎలక్ట్రానులు అటూ ఇటూ కదులుతూ కొంత రొద పుట్టిస్తాయి. తెర మీది చుక్కలు ఈ రొద వల్ల వచ్చేవే. జాతరలో మీ స్నేహితుడి మాటను మైకులో పెట్టారనుకోండి. అతని మాటతోపాటు జాతర గోల కూడా పెరుగుతుంది గదా! కాబట్టి సంకేతం రొద కంటే ఎన్ని రెట్లు పెద్దదో చూడాలి.

ఒక చిన్న లెక్క చేద్దాం. యాంటెన్నా వద్ద సంకేతం 20 పాళ్ళు ఉందనుకోండి. వైరు గుండా కిందికి దిగేసరికి సగం పోయి 10 పాళ్ళు మిగిలింది. బూస్టర్ సొంత రొద 2 పాళ్ళు. అది 10 రెట్లు పెంచుతుంది.

టీవీ పక్కన పెడితే: సంకేతం 100, రొద 20. అంటే 5 రెట్లు.

యాంటెన్నా పక్కన పెడితే: సంకేతం 200, రొద 20. వైరులో రెండూ సగమై 100, 10గా దిగుతాయి. అంటే 10 రెట్లు!

వస్తువు అదే, స్థలం మారింది. అంతే తేడా! అందుకే తెలిసిన మెకానిక్కులు బూస్టర్‌ను గొట్టం మీదనే బిగించేవారు. దానికి కావలసిన కరెంటు ఇంట్లోని చిన్న పెట్టె నుండి అదే వైరు గుండా పైకి వెళ్ళేది. ఆ పెట్టె ఆగిపోతే బొమ్మ మునుపటికన్నా అధ్వాన్నమయ్యేది.

బూస్టర్ కుదర్చలేని జబ్బు ఇంకొకటి ఉంది. బొమ్మ పక్కనే మరో నీడబొమ్మ కనబడేది. కొండనో, పెద్ద భవనాన్నో తాకి వచ్చిన తరంగం ఆలస్యంగా చేరడమే దీనికి కారణం. తరంగం 300 మీటర్లు ఎక్కువ ప్రయాణిస్తే 1 మైక్రోసెకను ఆలస్యమవుతుంది. తెర మీద ఒక గీత గీయడానికి సుమారు 52 మైక్రోసెకన్లు పట్టేది. తెర వెడల్పు 40 సెంటీమీటర్లయితే నీడబొమ్మ సుమారు 8 మిల్లీమీటర్లు కుడివైపుకు జరుగుతుంది. బూస్టర్ పెడితే అసలూ నీడా రెండూ పెరుగుతాయి! దీనికి మందు యాంటెన్నా దిశ మార్చడమే.

ప్రసార కేంద్రం దగ్గరే ఉన్నవారికి బూస్టర్ అసలే పనికిరాదు. సంకేతం మితిమీరి బొమ్మ చెదిరిపోయేది.

దూరదర్శన్ ఆ పాత పద్ధతి ప్రసారాలను 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా నిలిపివేసింది. కాని బూస్టర్ సూత్రం మీ ఇంటి మీదనే ఉండవచ్చు! డిష్ గిన్నెకు ఎదురుగా, కడ్డీ చివరన ఉన్న చిన్న డబ్బా చూడండి. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం నుండి వచ్చే సన్నని సంకేతాన్ని అది అక్కడికక్కడే పెంచి, ఆ తర్వాతే వైరులోకి పంపుతుంది. దానికి కరెంటు సెట్‌టాప్ బాక్స్ నుండి అదే వైరు గుండా వెళుతుంది.

ఒక్క హెచ్చరిక! మేడ మీద గొట్టాలు, డిష్‌లు సర్దడం పెద్దల పని. ఇనుప గొట్టం కరెంటు తీగకు తగిలితే ప్రాణాలకే ముప్పు. మీరు కింద నుండే చూసి, ఆ డబ్బా అక్కడే ఎందుకుందో మీ తమ్ముడికో చెల్లెలికో వివరించండి.