ఒక యంత్రంపై ఒప్పు, మరొక యంత్రంపై తప్పు

ప్రయోగశాలలో విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాము సరియైన జవాబు ఇవ్వగానే పని ముగిసినదని మనం భావిస్తాము. మేము కూడ అట్లే మార్కులు వేసినవారమే. వాస్తవానికి అది ఆ ఒక్క రకపు ప్రాసెసరుపై నడిచినదని మాత్రమే తేలినది.

ప్రాసెసరు ఏ ఆదేశానికి ఏమి చేయవలెనో నిర్ణయించే నియమావళిని ఆదేశ సముదాయమంటారు. మన ప్రయోగశాల కంప్యూటర్లు ఇంటెల్ సంప్రదాయానికి చెందినవి. 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన రిస్క్-ఫైవ్, లైసెన్సు రుసుము లేకుండ ఎవరైనను వాడుకొనదగిన కొత్త సముదాయం. మద్రాసు ఐ.ఐ.టి.లో రూపొందిన 'శక్తి' ప్రాసెసర్లకు ఇదే ఆధారం.

పాత ప్రోగ్రామును దీనికై మరల కంపైలు చేసినంత మాత్రాన చాలదు. ఒక్క ఉదాహరణ చూతము. సి భాషలో ఫైలు ముగిసినదని తెలుపు సంకేతం లినక్సులో -1. దానిని పూర్ణాంకపు చరరాశిలో ఉంచుకొనవలెను. కొందరు తొందరపడి 'చార్' అను ఒక బైటు గడిలో ఉంచుతారు. చార్‌లో ఋణసంఖ్యలకు చోటున్నదా లేదా అన్న నిర్ణయాన్ని సి ప్రమాణం కంపైలరుకే వదలివేసినది. లినక్సు క్రింద ఇంటెల్ యంత్రాలలో చోటున్నది. -1 అట్లే నిలుస్తుంది, ప్రోగ్రాము ఆగుతుంది. రిస్క్-ఫైవ్‌లో లేదు, -1 కాస్తా 255 అవుతుంది. 255 ఎన్నటికిని -1 కాదు గనుక ప్రోగ్రాము తిరుగుతూనే ఉంటుంది. నేరం కొత్త ప్రాసెసరుది కాదు. దోషం మొదటినుండి ప్రోగ్రాములోనే ఉన్నది. పాత యంత్రం దానిని బయటపెట్టలేదు, అంతే.

ఇట్టి దోషాలను వేల ప్రోగ్రాములలో మనుషులు వెదకజాలరు. మూలప్రతిని అందరికి తెరచియుంచే ఓపెన్ సోర్సు సాఫ్టువేరులో పలువురు రచయితలు ప్రోగ్రాముతోపాటు పరీక్షలను కూడ వ్రాసి ఉంచుతారు. సవరణ జరిగినప్పుడు యంత్రమే కంపైలు చేసి, పరీక్షలు నడిపి, ఫలితాన్ని నమోదు చేస్తుంది. ఈ పద్ధతి నవలంబించే డెబియన్ సంఘం 2023లో రిస్క్-ఫైవ్‌ను అధికారిక పట్టికలో చేర్చుకొని, 2025 ఆగస్టులో వెలువడిన 13వ విడుదలలో మొదటిసారిగా అందించినది.

కొత్త యంత్రం లేనివారికి క్యూఎము అను ఉచిత అనుకరణ సాఫ్టువేరు ఉన్నది. పై చార్ దోషం దానిలోను బయటపడుతుంది. అయితే అది నెమ్మది. అంతేకాదు, రెండు కోర్లు ఒకే మెమరీని పంచుకొన్నప్పుడు, ఒకటి వ్రాసిన విలువలు రెండవదానికి వేరొక వరుసలో కనబడుటకు రిస్క్-ఫైవ్ నియమాలు అనుమతిస్తాయి. ఇంటెల్ నియమాలు అనుమతించవు. ఇంటెల్ యంత్రంపై క్యూఎము నడచునపుడు ఇట్టి వరుసదోషాలు మరుగుననే ఉండవచ్చును. వానిని పట్టుకొనుటకు అసలు బోర్డే కావలెను. ఒక్కటైనను మన ప్రయోగశాలకు సమకూర్చవలసినదిగా కమిటీవారికి మనవి చేస్తున్నాము.