దుష్టపాత్రకు కారణాలు వెతికిన నటుడు – అలన్ రిక్‌మన్

చాలా ఏళ్ల క్రితం నేనొక నాటిక రాశాను. అందులో ఒక వడ్డీవ్యాపారి. ఎర్రటి కళ్లు, మెలితిప్పిన మీసం, మాట్లాడితే గర్జింపు, నవ్వితే వికటాట్టహాసం. రైతు పొలం కాజేస్తాడు, చివరి రంగంలో జనం చేతికి చిక్కుతాడు. ప్రదర్శన ముగిశాక, ఆ ఊళ్లో వడ్డీలకు తిప్పే పెద్దమనిషి ఒకాయన వేదిక ఎక్కి, ఆ వేషం కట్టిన కుర్రవాడికి వంద రూపాయలు బహుమతి ఇచ్చాడు. "ఇలాంటివాళ్లను ఊళ్లో ఉండనివ్వకూడదండీ" అని నాతో అన్నాడు. అందులో వెటకారం లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నా నాటికలో ఆయనకు తన ముఖం కనబడలేదు. ఎలా కనబడుతుంది? ఆయన కళ్లు ఎర్రగా లేవు. మెత్తగా మాట్లాడతాడు. బాకీ వసూలు చేసుకోవడం న్యాయమని నమ్ముతాడు.

ఆనాటి నా వైఫల్యానికి కారణమేమిటో చాలాకాలం తర్వాత ఒక బ్రిటిష్ నటుడి పనిని పరిశీలిస్తున్నప్పుడు నాకు స్పష్టపడింది. ఆ నటుడు అలన్ రిక్‌మన్. ప్రపంచం అతన్ని విలన్ వేషాలతోనే ఎక్కువగా గుర్తుపెట్టుకుంది. ఆ ముద్ర మాత్రం అతనికి నచ్చేది కాదు. పాత్ర మీద ముందే తీర్పు చెప్పేసి వేషం కట్టకూడదని అతను పదేపదే అనేవాడు. పైకి ఇది నటులకు సంబంధించిన చిన్న సూత్రంలా కనిపిస్తుంది. రచయితలు దీని నుంచి నేర్చుకోవలసింది చాలా ఉందని నా అభిప్రాయం.

రిక్‌మన్ 1946 ఫిబ్రవరి 21న పశ్చిమ లండన్‌లోని ఆక్టన్‌లో పుట్టాడు. తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు. అలన్‌కు ఎనిమిదేళ్ల వయసులో తండ్రి చనిపోతే, నలుగురు పిల్లల్ని తల్లి పెంచింది. స్కాలర్‌షిప్పు మీద లాటిమర్ అప్పర్ స్కూల్లో చదివాడు. చెల్సీలో చిత్రకళ, డిజైన్ నేర్చుకుని, మిత్రులతో కలిసి ఒక గ్రాఫిక్ డిజైన్ స్టూడియో నడిపాడు. పేదింటి కుర్రవాడికి అది తిండిపెట్టే వృత్తి. దాన్ని వదిలి, 26వ ఏట, 1972లో రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో విద్యార్థిగా చేరాడు. చదువుకుంటూనే, ఖర్చుల కోసం, నైజెల్ హాథార్న్ వంటి పెద్ద నటులకు రంగస్థలం వెనుక దుస్తులు తొడిగే పని చేశాడు.

ఈ వివరాలను జీవితచరిత్ర కోసం చెప్పడం లేదు. ఇంగ్లండులో మనిషి నోరు విప్పితే చాలు, అతని వర్గం బయటపడుతుందంటారు. పొడిగా, నింపాదిగా, మాటకూ మాటకూ మధ్య ఎదుటివాణ్ణి వేలాడదీసే రిక్‌మన్ గొంతు విని, ప్రేక్షకులు అతన్ని పుట్టు ప్రభువనుకున్నారు. ఆ ప్రభువు గొంతు కార్మికుడి కొడుకు శ్రమించి సాధించుకున్నది. పైవర్గపు వాచికం అతనికి వారసత్వంగా రాలేదు. బయటినుంచి చూసి, విని, పట్టుకున్నాడు. అందుకే అందులోని అహంకారం ఎక్కడ మొదలవుతుందో, భయం ఎక్కడ దాక్కుంటుందో అతనికి తెలిసింది.

1982లో బి.బి.సి. టెలివిజన్‌కు ట్రాలప్ నవలల ఆధారంగా తీసిన 'ది బార్చెస్టర్ క్రానికల్స్'లో ఒబడయా స్లోప్ అనే మతగురువు వేషం వేశాడు. బిషప్పు ఇంట చేరి, ఆయన భార్యను మంచి చేసుకుని, పదవి కోసం ఎగబాకే వినయశీలి. అందులోనే హాథార్న్ మరో ముఖ్యపాత్ర. ఒకనాడు దుస్తులు తొడిగిన చేతులు ఇప్పుడు అదే నటుడికి ఎదురు నిలిచాయి. స్లోప్‌ను రిక్‌మన్ వట్టి కపటిగా చూపలేదు. దిగువ నుంచి వచ్చినవాడు పైకి పోవాలంటే ఆ సమాజంలో నంగి నవ్వు తప్ప మరో నిచ్చెన లేదని కూడా చూపాడు. పాత్ర మీద మన అసహ్యం తగ్గదు. కానీ ఆ అసహ్యంలో కొంత వాటా ఆ నిచ్చెనను నిలబెట్టినవాళ్లకూ పోతుంది.

1985లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ 'లే లియేజాఁ డాంజరూజ్' నాటకం వేసింది. 1782లో లక్లో రాసిన ఫ్రెంచి నవలకు క్రిస్టఫర్ హాంప్టన్ చేసిన నాటకరూపం అది. స్త్రీలను వశపరచుకోవడమే వినోదంగా బతికే వాల్మోఁ ప్రభువు పాత్ర రిక్‌మన్‌ది. చేయడానికి పనిలేని వర్గానికి క్రూరత్వమే కాలక్షేపమవుతుందన్నది ఆ నాటక వస్తువు. 1987లో ఆ నాటకం న్యూయార్క్ బ్రాడ్వేకు వెళ్లింది. అక్కడి నుంచే హాలీవుడ్ అతన్ని పిలిచింది.

1988లో విడుదలైన 'డై హార్డ్' అతని మొదటి సినిమా. అప్పటికి వయసు 42. హాన్స్ గ్రూబర్ అనే జర్మన్, ముఠాతో వచ్చి, లాస్ ఏంజెలిస్‌లో ఒక జపాన్ కంపెనీ భవనాన్ని ఆక్రమిస్తాడు. ఖైదులో ఉన్న విప్లవకారుల్ని విడుదల చేయమంటాడు. వాటిలో ఒక పేరు అతను పత్రికలో చదివింది. అసలు లక్ష్యం ఖజానాలోని 64 కోట్ల డాలర్ల బాండ్లు. మొదట ఆ పాత్రకు తీవ్రవాది తరహా దుస్తులు అనుకున్నారు. సూటు వేస్తే బాగుంటుందని రిక్‌మన్ నిర్మాత జోయెల్ సిల్వర్‌కు చీటీ రాసిపెట్టాడు. చీటీలో ఇంకో సూచన కూడా ఉంది. సూటులో ఉన్నవాడు బందీల్లో ఒకడిలా నటించి కథానాయకుణ్ణి మోసం చేయవచ్చు కదా? సినిమాలో గుర్తుండిపోయే ఘట్టాల్లో ఒకటి అలా పుట్టింది.

డిజైనరుగా ఆహార్యం విలువ తెలిసిన మనిషి ఆలోచన ఇది. ఒక్క సూటుతో దోపిడీదారుకూ, దోపిడీకి గురవుతున్న కంపెనీ అధికారులకూ తేడా చెరిగిపోయింది. తుపాకి పక్కన పెడితే గ్రూబర్ ఆ భవనంలో ఉద్యోగస్థుడే. నా నాటికలో మెలితిప్పిన మీసం చేయలేని పని ఇది.

అయితే ఆ సినిమాలో హాలీవుడ్ రాజకీయం కూడా ఉంది. దాన్ని దాటవేయలేం. విముక్తి నినాదాలన్నీ దొంగల ముసుగేనన్న సూచన అందులో ఉంది. విదేశీ యాసలో, చదువుకున్నవాడిలా మాట్లాడేవాణ్ణి అనుమానించమని, చొక్కా చిరిగిన అమెరికన్ పోలీసును నమ్మమని అది చెబుతుంది. ఇంగ్లీషు రంగస్థలపు గొంతును హాలీవుడ్ చాలాకాలంగా ఇందుకే అద్దెకు తెచ్చుకుంటోంది. అప్పుడు విలన్ పరాయివాడవుతాడు, దుర్మార్గం పరాయి సరుకవుతుంది. రిక్‌మన్ ఆ చట్రాన్ని బద్దలు కొట్టలేదు. ఒక నటుడు ఒంటరిగా కొట్టలేడు కూడా. దానిలోపలే ఒక మనిషిని నిలబెట్టాడు.

1991లో 'రాబిన్ హుడ్: ప్రిన్స్ ఆఫ్ థీవ్స్'లో నాటింగ్‌హామ్ షెరీఫ్ వేషానికి అతను మొదట ఒప్పుకోలేదు. పాత్రను తనకు తోచినట్లు మలచుకునే స్వేచ్ఛ ఇచ్చాకనే ఒప్పుకున్నాడు. నాటక రచయిత పీటర్ బార్న్స్, హాస్యనటి రూబీ వాక్స్ సంభాషణలకు సాయం చేశారు. ఫలితంగా భయపెట్టే అధికారి కాస్తా నవ్వు పుట్టించే అధికారి అయ్యాడు. చెప్పినట్టు వినేవాడు ఒక్కడూ లేక చిరాకుతో ఊగిపోతాడు. ఆ పాత్రకు బాఫ్టా అవార్డు వచ్చింది. నవ్వించిన క్రూరుడు ప్రేక్షకుడికి దగ్గరవుతాడు. ఇందులో ప్రమాదం లేదా అని మిత్రులు కొందరు నన్నడిగారు. ఉంది. కానీ పాలకుణ్ణి చూసి నవ్వగలిగిన జనం అతన్ని చూసి వణకడం కొంత మానుకుంటారు.

2001 నుంచి 2011 వరకు ఎనిమిది 'హారీ పాటర్' సినిమాల్లో సెవరస్ స్నేప్ అనే ఉపాధ్యాయుడి పాత్ర మరో రకం పాఠం. నవలలు పూర్తికాకముందే రచయిత్రి రౌలింగ్ ఆ పాత్ర గురించి ఒక రహస్యం అతనికి చెప్పింది. అతను దాన్ని దాచుకుని నటించాడు. పేదరికంలో, అవమానాల మధ్య పెరిగిన ఆ మనిషి కఠినత్వం వెనుక ఏముందో ప్రేక్షకుడికి చివరిదాకా తెలియదు. రచయితకు తెలిసి, పాఠకుడికి చెప్పని గతం పాత్రకు బరువునిస్తుంది. మన కథల్లో చాలా దుష్టపాత్రలకు ఆ గతమే ఉండదు. మొదటి పేజీలో పుట్టి చివరి పేజీలో చస్తాయి.

కారణం చూపితే నేరాన్ని క్షమించినట్లవదా? ఈ ప్రశ్నకు సమాధానం రిక్‌మన్ జీవితంలోనే ఉంది. అతను లేబర్ పార్టీ సభ్యుడు. సహచరి రీమా హార్టన్ ఆ పార్టీ తరఫున లండన్‌లో కౌన్సిలర్‌గా పనిచేసింది. 2003 మార్చి 16న గాజాలోని రఫాలో, ఇళ్ల కూల్చివేతకు అడ్డు నిలిచిన 23 ఏళ్ల అమెరికన్ యువతి రేచల్ కోరీ ఇజ్రాయెల్ సైన్యపు బుల్‌డోజర్ కింద పడి మరణించింది. ఆమె దినచర్యలనూ ఈ-మెయిల్ ఉత్తరాలనూ కేథరిన్ వైనర్‌తో కలిసి రిక్‌మన్ నాటకంగా కూర్చి, 2005లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో దర్శకత్వం వహించాడు. 2006లో న్యూయార్క్‌లో ప్రదర్శన ఏర్పాటు చేసిన సంస్థ దాన్ని నిరవధికంగా వాయిదా వేస్తే, అది నిషేధమేనని బాహాటంగా అన్నాడు. అదే ఏడాది అక్టోబరులో ఆ నాటకం న్యూయార్క్‌లోనే మరో రంగస్థలం ఎక్కింది. విలన్ వేషాలతో పేరు తెచ్చుకున్న మనిషి కూర్చిన ఈ నాటకంలో వేదిక మీద విలన్ లేడు. ఒక్క పాత్రే. అవతల ఒక యంత్రం, దాన్ని కదిలించే వ్యవస్థ. తీర్పు చెప్పడానికి అతను వెనుదీయలేదు. వ్యక్తి దగ్గరే ఆగిపోయే తీర్పుతో తృప్తి పడలేదు, అంతే.

రిక్‌మన్ 2016 జనవరి 14న, 69వ ఏట, క్యాన్సర్‌తో మరణించాడు. తెరమీద కనిపించిన చివరి సినిమా 'ఐ ఇన్ ది స్కై'. అందులో అతను బ్రిటిష్ సైన్యాధికారి. ఉదయం ఇంట్లో పిల్ల కోసం బొమ్మ కొంటాడు. తర్వాత లండన్‌లో ఒక గదిలో కూర్చుని, నైరోబీలో ఒక ఇంటి మీద డ్రోన్ క్షిపణి వేసేందుకు మంత్రుల అనుమతి కోసం ఒత్తిడి చేస్తాడు. ఆ ఇంటి పక్కనే ఒక చిన్నపిల్ల రొట్టెలు అమ్ముకుంటూ ఉంటుంది. క్షిపణి పడుతుంది. పిల్ల చనిపోతుంది. అధికారి బొమ్మ అందుకుని ఇంటికి బయలుదేరుతాడు. గర్జింపు లేదు, వికటాట్టహాసం లేదు. పని ముగించుకున్న ఉద్యోగి అలసట మాత్రం ఉంది.

నా నాటిక చూసి బహుమతి ఇచ్చిన పెద్దమనిషి నాకు మళ్లీ గుర్తొచ్చాడు. అతనికి నేను ఒక రాక్షసుణ్ణి చూపించాను. తాను రాక్షసుడు కాడు కాబట్టి నిశ్చింతగా చప్పట్లు కొట్టాడు. మెత్తటి మాటా, లెక్కల పుస్తకమూ, పిల్లల చదువు మీద బెంగా ఉన్న మనిషిని చూపించి, ఆ మనిషి చేతనే పొలం కాజేయిస్తే, వంద రూపాయల నోటు ఆయన జేబులోంచి బయటికొచ్చేదా? ఆ నాటికను ఇప్పుడు తిరగరాస్తున్నాను. మొట్టమొదట ఆ మీసం తీసేశాను.