తిన్న సంగతి మరచిన మనిషి

రాత్రి భోజనం ముగించిన ఒక మనిషి ముందునుండి పళ్లెం తీసివేసి, ఒక్క నిమిషం గడవగానే అటువంటిదే మరొక నిండు పళ్లెం తెచ్చి పెట్టారు. “ఇప్పుడే కదా తిన్నాను” అని ఆయన అనలేదు. మారుమాట లేకుండా దానినీ దాదాపు పూర్తిగా ఆరగించాడు. మిగిలినది సలాడ్ మాత్రమే.

ఆయన తిండిపోతు కాడు. పేరు హెన్రీ మొలైసన్. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రవాసి. తీవ్రమైన మూర్ఛలతో బాధపడుతున్న ఆయనకు 1953లో, 27 ఏళ్ల వయసులో, విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు మెదడుకు రెండు పక్కలా ఉండే హిప్పోకాంపస్‌లో అధిక భాగాన్ని తొలగించాడు. మూర్ఛలు తగ్గుముఖం పట్టాయి. కాని ఆ తరువాత జరిగిన ఏ సంగతీ ఆయన మనసులో నిలవలేదు. 2008లో కన్నుమూసేవరకు అదే స్థితి. ఆకలి ఎంత ఉన్నదో సున్న నుండి నూరులోపు అంకెతో చెప్పమంటే, భోజనానికి ముందూ తరువాతా ఇంచుమించు ఒకే అంకె చెప్పేవాడని 1985లో పరిశోధకులు ప్రకటించారు.

ఆకలి కడుపులో పుట్టి కడుపులోనే చల్లారుతుందని నమ్మే మనకు ఇది వింతే. అయితే, ఆనాటి శస్త్రచికిత్సలో హిప్పోకాంపస్‌తో పాటు మరికొన్ని భాగాలు కూడా పోయాయి కనుక, దోషమంతా మతిమరుపుదేనని ఒక్క రోగిని చూసి తేల్చలేము. 1998లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ రోజిన్, ఆయన సహచరులు జ్ఞాపకశక్తి కోల్పోయిన మరో ఇద్దరిని పరీక్షించారు. పది నిమిషాలో అరగంటో గడిచాక మళ్లీ భోజనం వడ్డిస్తే వారూ తిన్నారు; మూడవసారి పెట్టినా సాధారణంగా తినడం ప్రారంభించారు. జ్ఞాపకం చెక్కుచెదరని రోగులు మాత్రం రెండవ భోజనాన్ని వద్దన్నారు.

మన ఇళ్లలో వచ్చిన మనిషిని “ఆకలిగా ఉన్నదా?” అని కాక “భోజనమైందా?” అని అడుగుతారు. ఆ ప్రశ్న కడుపును కాదు, జ్ఞాపకాన్ని అడిగేది. పప్పు, కూర, చారు వరుసగా నడిచి పెరుగన్నం దగ్గర ముగిసే మన విస్తరి కూడా, భోజనం అయిపోయిందని మనసుకు తెలియజెప్పే పద్ధతేనేమో అని నాకనిపిస్తుంది. దీనిని ఎవరూ ప్రయోగశాలలో రుజువు చేశారని మాత్రం అనను.

ఆరోగ్యవంతులలోనూ ఈ జ్ఞాపకం పనిచేస్తుందా? ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ బ్రన్‌స్ట్రమ్ బృందం 2012లో ప్రకటించిన ప్రయోగం చమత్కారమైనది. సూపు గిన్నె అడుగున, తినేవారికి కనబడకుండా, ఒక గొట్టం అమర్చారు. దాని ద్వారా సూపును నెమ్మదిగా నింపవచ్చు, లేదా తీసివేయవచ్చు. ఆ విధంగా 300 మిల్లీలీటర్లు చూసినవాడు 500 తాగవచ్చు. 500 చూసినవాడు 300తోనే లేవవచ్చు. తాగిన వెంటనే వారి ఆకలి, నిజంగా లోపలికి పోయిన పరిమాణాన్ని అనుసరించింది. కాని రెండు మూడు గంటలు గడిచేసరికి లెక్క మారింది. కడుపులో పడినది కాక, కంటితో చూసి గుర్తుంచుకున్నదే ఆకలిని శాసించసాగింది!

జ్ఞాపకం ఏర్పడాలంటే ధ్యాస కావాలి. అదే విశ్వవిద్యాలయంలో 2011లో, కంప్యూటరు మీద పేకాట ఆడుతూ భోజనం చేసినవారు తక్కువ తృప్తి చెందారు; అరగంట తరువాత బిస్కెట్లు పెడితే ఇతరులకన్నా ఎక్కువ తిన్నారు; ఏయే పదార్థాలు ఏ వరుసలో తిన్నారో కూడా సరిగా చెప్పలేకపోయారు. ఇందుకు విరుద్ధంగా, ఆనాటి మధ్యాహ్న భోజనాన్ని ఒకసారి గుర్తుచేసుకొమ్మన్నంత మాత్రాన చిరుతిండి తగ్గుతుందని బర్మింగ్‌హామ్‌లో సుజాన్ హిగ్స్ 2002లోనే చూపింది. నిన్నటి భోజనాన్ని తలచుకుంటే ఆ ఫలితం రాలేదు.

తలపు శరీరంలోని రసాయనాలను సైతం తాకుతుంది. 2011లో ఆలియా క్రమ్ ప్రభృతులు, ఒకే 380 కేలరీల మిల్క్‌షేక్‌ను ఒక వారం 620 కేలరీల విందుగానూ, మరో వారం 140 కేలరీల పథ్యంగానూ చెప్పి ఇచ్చారు. విందు అనుకొని తాగినప్పుడు, ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను చాలా ఎక్కువగా పడిపోయింది.

అయితే, ఏకాగ్రతతో తింటే చాలు, బరువు దానంతటదే దిగిపోతుందనే ప్రచారాన్ని నమ్మవలసిన పని లేదు. తిండిని మొబైల్ ఫోనులో ఫోటో తీసి, తరువాతి భోజనానికి ముందు దానిని గుర్తుచేసుకొమ్మని ఎనిమిది వారాలు సాగించిన ఒక పరీక్ష ఫలితం 2019లో వెలువడింది. అధిక బరువు గల వందమందికి పైగా అందులో పాల్గొన్నా, బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వంశపారంపర్యం, నిద్ర, ఆదాయం, అంగడిలో చవకగా దొరికే సరుకు, వీటి బలం అటువంటిది. పైగా, ఇదే రంగంలో పేరుమోసిన ఒక అమెరికన్ ఆచార్యుని పత్రాలు అనేకం లోపభూయిష్టమని తేలి ఉపసంహరణకు గురయ్యాయి కూడా.

ఇంతకన్నా కలవరపరచేది మరొకటి ఉన్నది. జ్ఞాపకం తిండిని అదుపు చేస్తుంటే, తిండి తిరిగి జ్ఞాపకాన్ని దెబ్బతీయగలదు. ఆస్ట్రేలియాలోని మక్వారీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీవెన్సన్ బృందం 110 మంది సన్నని, ఆరోగ్యవంతులైన యువతీయువకులను ఎన్నుకొని, వారిలో కొందరికి కొవ్వు, చక్కెర మిక్కుటంగా గల ఆహారం ఒక్క వారంపాటు ఇచ్చింది. 2020లో ఆ ఫలితాలు ప్రకటించారు. హిప్పోకాంపస్ మీద ఆధారపడే అభ్యసన పరీక్షలలో వారు వెనుకబడ్డారు. కడుపు నిండిన తరువాత కూడా రుచికరమైన చిరుతిండ్లు ఎదుట పెడితే, మునుపటికన్నా ఎక్కువగా కావాలనిపిస్తున్నాయని చెప్పారు.