పేరు తెలియని విషము

బాన్సువాడ సీమ పచ్చదనమునకు నిజాంసాగరమే ప్రాణము. మంజీరకు అడ్డముగ 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన యా కట్ట నేటికిని వరిమళ్లను తడుపుచున్నది. కాని ఎగువను పటాన్‌చెరువు పారిశ్రామిక ప్రాంతపు నక్కవాగు ఆ నదిలోనే కలియును. అచ్చటి ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిని పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిను కలదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. వారు వెదకినది దొరకినది. వెదకని వాని మాట యేమి?

సామాన్య పరీక్షలో జాబితాలోని పేర్లకు మాత్రమే జవాబు వచ్చును. జాబితాలో లేని విషము నిర్దోషి యనిపించుకొని పొలమునకు పోవును. క్లోరిను, బ్రోమిను, ఫ్లోరినులతో గూడిన పదార్థములు పెక్కు ఏండ్ల తరబడి చెడక మట్టిలోను ప్రాణుల దేహములలోను నిలుచును. డి.డి.టి.యు, 2011లో సుప్రీముకోర్టు నిషేధించిన ఎండోసల్ఫానును ఈ జాతివే.

ఐనను ఈ దొంగలకు ప్రకృతియే ముద్ర వేసినది. క్లోరిను పరమాణువులు 35, 37 అను రెండు తూకములవి. మొదటివి మూడైన రెండవది యొకటి. బ్రోమినులో 79, 81 దాదాపు సమానము. ఇట్టి భేదములను తూచి చూపిన ఆస్టను పండితుడు 1922లో నోబెలు బహుమాన మందెను. మాస్ స్పెక్ట్రోమీటరులో క్లోరినుగల పదార్థము రెండేసి మెట్ల యెడముతో జంటగీతలై కనబడును. కాని వేలకొలది గీతలలో వానిని కంటితో నేరుట దుస్సాధ్యము. ఆ పనిని సాఫ్ట్‌వేరు చేయును. ఫ్రాన్సుదేశపు నాంత్ నగర పరిశోధకులు 2019లో ప్రకటించిన హాలోసీకరు అట్టిది. అది పేరడుగదు, జాడ పట్టును.

దీనికి హద్దులును గలవు. ఫ్లోరినునకు తూక మొక్కటే. కావున సిప్రోఫ్లాక్సాసిను వంటివి ఈ వలనుండి జారిపోవును. వానికి అణుభారపు దశాంశములను సూక్ష్మముగ పోల్చు పద్ధతులు కావలయును. జాడ దొరకినంత మాత్రమున నేరము రుజువు కాదు. శుద్ధమైన నమూనాతో సరిపోల్చి పేరు స్థిరపరుపవలయును.

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో మాస్ స్పెక్ట్రోమెట్రీకి ప్రత్యేక కేంద్రమే యున్నది. ఒకసారి తీసిన లెక్కలను దాచినచో, రేపు తెలియు విషమును నేటి నీటిలో వెదకవచ్చును. పరదేశీయులు వచ్చి మన వాగు సంగతి మనకు చెప్పువరకు వేచియుండుట గౌరవము కాదు. వానకాలమునకు, యాసంగికి ముందు నిజాంసాగరపు నీటిని తీయించి, పేరులేని వానిని గూడ వెదకించి, ఫలితములను బాన్సువాడ రైతునకు తెలుగున తెలుపవలయును. అన్నము పెట్టువానికి తన నీటిలో నేమున్నదో తెలిసికొను హక్కు కలదు.