ఇరుసులోని ఉక్కు

విజయనగరం స్టేషనులో రైలు ఆగినప్పుడు పెట్టె కింద చక్రాలను కలిపే ఇరుసును చూశారా? అది విరిగితే ఎంత ప్రమాదం! మరి దాన్ని ఎలాంటి ఉక్కుతో చెయ్యాలి?

ఇనుములో కొద్దిగా కార్బన్ కలిస్తే ఉక్కు అవుతుంది. కార్బన్ 0.25 శాతం లోపు ఉంటే అది మెత్తన, సులువుగా వంగుతుంది. 0.6 శాతం దాటితే గట్టిదనంతోబాటు పెళుసుదనమూ పెరుగుతుంది. 0.3 నుంచి 0.6 శాతం వరకు ఉన్నది మధ్యస్థ కార్బన్ ఉక్కు. బలమూ, దెబ్బకు ఓర్చే గుణమూ రెండూ దీనికున్నాయి. అందుకే ఇరుసులు, పళ్ళచక్రాలు దీనితో చేస్తారు.

మీ ఊరి కమ్మరి గునపం మొన తీర్చేటప్పుడు గమనించండి. ఎర్రగా కాల్చి మొనను నీటిలో ముంచుతారు. హఠాత్తుగా చల్లారడంవల్ల కార్బన్ విడివడే వ్యవధి లేక ఇనుప స్ఫటికాల్లోనే చిక్కుకుంటుంది. మొన గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. పైకి తీశాక వెనుకభాగపు వేడి మొనకు పాకుతుంది. గడ్డిరంగు, ఊదా, నీలం వరుసగా కనబడతాయి. తగిన రంగు రాగానే మళ్ళీ ముంచుతారు. పెళుసు తగ్గుతుంది.

ఉక్కుకు గంధకం శత్రువు. ఇనుముతో కలిసి, ఎర్రని వేడిలో కరిగి, సాగగొట్టేటప్పుడు ఉక్కును చీలుస్తుంది. ఆ గంధకాన్ని మాంగనీసు తనతో కలుపుకొని ఉక్కును కాపాడుతుంది. ఆ ఖనిజాన్ని మన విజయనగరం ప్రాంతంలో 1890ల దశకం నుంచే తవ్వారు.

ఇక చెప్పండి: కమ్మరి రంగులకోసం ఆగకపోతే, ఆ గునపంతో రాతిని పొడిచినప్పుడు ఏమవుతుంది?