నీటి బుడగల సాక్ష్యం

జీవితం నీటి బుడగ వంటిదని పెద్దలు అంటుంటారు. క్షణంలో పుట్టి క్షణంలో పగిలిపోయే బుడగ మన సాహిత్యంలో అశాశ్వతత్వానికి ఉపమానంగా స్థిరపడింది. కాని ఎండవేళ చెరువు గట్టున నిలిచి తేటనీటిలోకి తొంగిచూసినవారికి మరొక రకం బుడగలు కనిపిస్తాయి. నీట మునిగిన నాచుమొక్కల నుండి అవి ముత్యాల సరాలవలె పైకి లేస్తుంటాయి. మబ్బు కమ్మితే ఆ సరాలు పలచబడతాయి. చీకటి పడితే ఆగిపోతాయి. ప్రాణికోటి పీల్చే ప్రాణవాయువు ఎలా పుడుతున్నదో చెప్పే సాక్షులు ఈ బుడగలే.

ఈ సాక్ష్యాన్ని మానవుడు గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ మూసిన గాజుపాత్రలో కొవ్వొత్తిని వెలిగించాడు. అది ఆరిపోయిన తరువాత ఆ గాలిలో పుదీనా మొక్కను ఉంచాడు. కొన్ని దినాల అనంతరం అదే గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. చెడిన గాలిని మొక్క బాగుచేస్తుందని అతడు గ్రహించాడు. అయితే ఇటువంటి ప్రయోగాలు ఒకసారి ఫలించేవి, మరొకసారి విఫలమయ్యేవి. అందుకు కారణమేమిటో డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ కనుగొన్నాడు. 1779 వేసవిలో ఇంగ్లండులో ఉంటూ అతడు వందలాది ప్రయోగాలు చేశాడు. నీటిలో ముంచిన ఆకులు ఎండలో బుడగలు విడుస్తాయనీ, చీకటిలో విడువవనీ గమనించాడు. మొక్కలోని ఆకుపచ్చని భాగాలే ఈ పని చేస్తాయనీ, అందుకు కావలసినది సూర్యుని వేడి కాదు, వెలుగు అనీ నిరూపించాడు.

మొక్క పత్రహరితం సాయంతో కాంతిశక్తిని గ్రహించి, కార్బన్ డయాక్సైడ్, నీటి నుండి పిండిపదార్థాన్ని తయారుచేసుకుంటుంది. ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. ఇదే కిరణజన్య సంయోగక్రియ. వెలుగు హెచ్చుతగ్గులను బట్టి ఈ క్రియ వేగం ఎలా మారుతుందో హైడ్రిల్లా అనే నీటిమొక్కతో కళాశాల ప్రయోగశాలలోనే తెలుసుకోవచ్చు. తాజా కొమ్మను కోసి, కోసిన కొస పైకి ఉండేటట్లు బీకరులోని నీటిలో ఉంచాలి. నీటిలో కొద్దిగా సోడియం బైకార్బొనేట్ కలిపితే మొక్కకు కార్బన్ డయాక్సైడ్ కొరత రాదు. చీకటి గదిలో ఒక విద్యుద్దీపాన్ని ముందు 10 సెంటీమీటర్ల దూరంలో, తరువాత 20, ఆపై 40 సెంటీమీటర్ల దూరంలో అమర్చాలి. దూరం మార్చిన ప్రతిసారి మొక్క కుదుటపడడానికి అయిదు నిమిషాలు ఆగి, నిమిషానికి ఎన్ని బుడగలు వెలువడుతున్నాయో మూడుసార్లు లెక్కించి సగటు తీయాలి.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. దీపం దగ్గరకు వచ్చినప్పుడు వెలుగుతోపాటు వేడి కూడా పెరుగుతుంది. అప్పుడు బుడగలు పెరిగితే, ఆ ఘనత వెలుగుదా, వేడిదా? ఈ సందేహం తీరడానికి దీపానికీ బీకరుకూ నడుమ నీటితో నిండిన గాజుపాత్రను నిలపాలి. అది వేడిని చాలావరకు అడ్డుకొని వెలుగును పోనిస్తుంది. ఒక్కొక్కసారి ఒక్క కారకాన్ని మాత్రమే మార్చి, తక్కినవాటిని మార్పులేకుండా నిలపడమే ప్రయోగధర్మం.

దీపం దూరం రెట్టింపు అయితే మొక్కపై పడే కాంతి తీవ్రత నాలుగో వంతు అవుతుంది. అంటే 10 సెంటీమీటర్ల వద్ద 100 పాళ్ళుగా ఉన్న కాంతి 20 సెంటీమీటర్ల వద్ద 25 పాళ్ళకూ, 40 సెంటీమీటర్ల వద్ద సుమారు 6 పాళ్ళకూ తగ్గుతుంది. బుడగలు కూడా ఇదే లెక్కన తగ్గాలని ముందే తీర్మానించుకొని రికార్డులో అంకెలు సవరించే విద్యార్థులు లేకపోలేదు. అలా సవరించిన చేతికి అసలు సత్యం చిక్కదు. ఎందుకంటే మసకవెలుగులో కాంతి పెరిగినకొద్దీ బుడగలు పెరుగుతాయి గాని, ఒక హద్దు దాటిన తరువాత ఎంత వెలుగు పెంచినా బుడగల సంఖ్య పెరగదు. పొయ్యిలో ఎంత మంట పెట్టినా ఎసటిలో పోసిన బియ్యానికి మించి అన్నం కాదు కదా! ఆ హద్దు వద్ద కార్బన్ డయాక్సైడో, ఉష్ణోగ్రతో, మరొకటో చాలకపోవడమే కారణం. ఏది అన్నిటికంటే కొరతగా ఉన్నదో అదే క్రియావేగాన్ని నిర్ణయిస్తుందని 1905లో బ్రిటిష్ శాస్త్రవేత్త బ్లాక్‌మన్ ప్రతిపాదించాడు.

బుడగలన్నీ ఒకే పరిమాణంలో ఉండకపోవడం ఈ ప్రయోగంలోని లోపం. భారతీయ శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ ఈ చిక్కును ఎదుర్కొన్నాడు. హైడ్రిల్లాపైనే పరిశోధనలు చేస్తూ, అది విడిచే ఆక్సిజన్‌ను తనంతట తానే నమోదుచేసే సాధనాన్ని రూపొందించాడు. 1924లో కిరణజన్య సంయోగక్రియపై ఒక గ్రంథం వెలువరించాడు. పల్లె చెరువులో పెరిగే సామాన్యమైన మొక్క ఆ మహనీయుని చేతిలో గొప్ప విజ్ఞానసాధనమైంది.

బుడగలు ఆగిపోయినంత మాత్రాన మొక్క నిర్జీవమైనట్లు కాదు. మొక్క రాత్రింబగళ్ళు శ్వాసిస్తూనే ఉంటుంది. మసకవెలుగులో అది తయారుచేసిన కొద్దిపాటి ఆక్సిజన్ దాని శ్వాసకే సరిపోతుంది. చీకటిలోనైతే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను అదే వాడుకుంటుంది. ఈ సంగతి కృష్ణా, గోదావరి డెల్టాలలోని చేపల రైతులకు అనుభవంలో తెలుసు. ముసురు పట్టిన రోజులలో చెరువులోని సూక్ష్మ శైవలాలకు చాలినంత వెలుగు దొరకదు. పగలు ఆక్సిజన్ సరిగా కూడదు. రాత్రి చేపలూ శైవలాలూ ఉన్నదానిని ఖర్చుచేస్తాయి. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే రైతు గుండె గుభేలుమంటుంది. సకాలంలో ఏరేటర్లు తిప్పకపోతే నెలల కష్టం ఒక్క రాత్రిలో నీటిపాలవుతుంది.

ప్రయోగశాలలోని బీకరు, ఊరి చెరువు ఒకే సూత్రానికి లోబడి ఉన్నాయి. బీకరులో బుడగలను నిజాయితీగా లెక్కించడం నేర్చినవారు చెరువు ఆపదను ముందుగా గుర్తించగలుగుతారు. నీటి బుడగ క్షణికమే కావచ్చు. అది చెప్పే సత్యం మాత్రం శాశ్వతం.